కుడి చెవి కేసు

గురువారం పొద్దున పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు ఓపీ గదికి తాళం ఉంది. తాళం మీద కాగితం అంటించి ఉంది. దాని ముందు పాతిక మంది దాకా నిలబడి ఉన్నారు. బిడ్డను భుజాన వేసుకున్న ఒకాయన కాగితం పైకి చదివి, "మూడు రోజులు లేదట. సోమవారం రమ్మంటున్నారు," అన్నాడు. అక్కడితో ఆగక, "చెవిపోటు సోమవారం దాకా ఆగుతుందా, దాన్నడిగి రాశారా?" అని కూడా అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు గొణుక్కున్నారు, చివరికి అందరూ చెట్టుకొమ్మ మీది పిట్టల్లా ఒక్కొక్కరే చెదిరిపోయారు.

సుకాంతి మాత్రం కదల్లేదు. కొంగు మడతపెట్టి ఎడమ చెవికి అదిమి పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. గోడకు ఆనుకోకపోతే నేల పక్కకు ఒరిగినట్టుంటుంది మరి. బర్‌గఢ్ దగ్గర నేతవాళ్ళ వీధి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మొదటి బస్సులో ఒకసారి, రెండో బస్సులో ఒకసారి కిటికీలోంచి కక్కుకుంది.

"అక్కా! నీకే ఫోన్ చేయిద్దామనుకుంటున్నా, నువ్వే ఊడిపడ్డావు!"

ఝిలి వచ్చింది. ఆ వార్డులో పాతికేళ్ళుగా ఆయా. రెండు చేతుల నిండా బంతిపూల దండలు మోసుకొస్తోంది, గడ్డంతో పై దండను నొక్కి పట్టుకుని.

"ఓపీ లేదా ఝిలీ?"

"ఎక్కడి ఓపీ! డాక్టర్లకే పాఠాలు ఈ మూడు రోజులూ. నెత్తి నెరిసినా బళ్ళోకెళ్ళాలట పాపం. ఇన్ని గంటలు పాఠం విన్నట్టు కాగితం చూపిస్తేనే వాళ్ళ డాక్టరీ రిజిస్టరు మళ్ళీ నడుస్తుందట. రెండొందల మంది దిగారు. చుట్టుపట్ల ఊళ్ళలో చెవి చూసే డాక్టరన్నవాడు ఒక్కడు మిగల్లేదు, అంతా ఇక్కడే."

"రెండొందల మంది చెవి డాక్టర్లుండి, చెవి చూసే గదికి తాళమా?"

"పెళ్ళింట్లో పిల్లాడు ఆకలితో ఏడుస్తుంటే ఎవరు చూస్తారక్కా? ఇదీ అంతే," అని ఝిలి దండలు భుజం మీదికి మార్చుకుంది. అప్పుడు చూసింది సుకాంతి మొహం. "ఏంటలా ఉన్నావు?"

"ఎడమ చెవి. రెణ్ణెల్ల నుంచీ కారుతోంది. ఈ పది రోజులుగా తల తిరుగుతోంది. పని ముందు కూచుంటే ఒక్కో పోగూ రెండుగా కనిపిస్తోంది."

"నీ చెవి కుడిది కదా?"

"కుడిది ఎప్పుడో పోయింది. వినేది దీంతోనే."

ఝిలి మొహం విప్పారింది. "రేపు రా. కేసుగా కూచో. నిన్ను పిలవమని ఇప్సితా డాక్టరమ్మ మొన్ననే చెప్పింది. ఒకడు కాకపోతే ఒకడు, రెండొందల మంది నీ ముందు నుంచి పోతారు. ఎవడో ఒకడికి ఎడమది చూపించేసుకో. ఓపీలో గంటలు గంటలు నిలబడితే మాత్రం ఇంతమంది చూస్తారేంటి?"

అది నిజమే అనిపించింది సుకాంతికి. పదకొండేళ్ళుగా ఈ ఆసుపత్రి తన కుడి చెవిని చూస్తూనే ఉంది. ఆ చెవి కర్ణభేరికి పెద్ద రంధ్రం ఉంది, నున్నగా, గుండ్రంగా, తడి లేకుండా. పుస్తకంలో బొమ్మ వేసినట్టుంటుందట. పరీక్షలొస్తే పిలుస్తారు, పాఠాలొస్తే పిలుస్తారు. పిల్ల డాక్టర్లు వణుకుతున్న చేతుల్తో చెవిలో గొట్టం పెడితే, "బాబూ, ఎండు చెవి, నడిమధ్య రంధ్రం," అని పెదవి కదపకుండా చెప్పి ఎంతమందిని గట్టెక్కించిందో లెక్కలేదు. దాన్ని కుట్టేస్తామని మొదట్లో అనేవాళ్ళు. తరవాత అనటం మానేశారు. "అంత అందమైన రంధ్రం పూడిస్తే మేం పిల్లలకి ఏం చూపించాలి మావుసీ?" అని ఆ విభాగానికి పెద్ద అయిన హోతా సార్ ఒకసారి నవ్వుతూ అంటే తను కూడా నవ్వింది. పిన్ని అన్నట్టు, అక్కడందరికీ తను మావుసీ.

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు ధ్రువ మగ్గం గుంటలోంచి తలెత్తకుండా విన్నాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. "పదకొండేళ్ళు వాళ్ళు చూస్తామన్నది చూపించావు," అన్నాడు. "రేపు నువ్వు చూపించాలన్నది చూడమను. పెద్దమనుషులు, కాదంటారా?"

సుకాంతి పోగులు బిగించిన చట్రం ముందు కూచుంది. గీసిన గుర్తు దగ్గర పోగుల కట్టను లెక్కపెట్టి విడదీసి, దారం చుట్టి, ఒక కొస పళ్ళ మధ్య పెట్టి లాగి ముడి వేయాలి. ముడి ఉన్నచోట రంగెక్కదు. అక్కడే రేపు చీర మీద చేప కన్ను తెల్లగా తేలుతుంది. ముప్పై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. ఆ సాయంత్రం నాలుగు ముడులు వేసి చూసుకుంటే నాలుగూ గుర్తుకు అవతల పడ్డాయి. చేప కళ్ళు చేప బయట. బ్లేడుతో కోసి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అవతలే పడ్డాయి.

శుక్రవారం తెల్లారగానే వచ్చేసింది. సదస్సు హాలు పక్క పొడుగు వరండాలో ఎనిమిది స్టూళ్ళు వేశారు. స్టూలుకొక దీపం, బల్ల, పళ్ళెంలో గొట్టాలు, దూది. స్టూళ్ళ మీద కేసులు కూచున్నారు. గొంతు బొంగురుపోయిన బడిపంతులు ఒకటో నంబరు, ముక్కులో కండ పెరిగిన లారీ డ్రైవరు రెండు, సుకాంతి మూడు. నంబరు కాగితం కొంగుకు పిన్నుతో గుచ్చారు. లారీ డ్రైవరు వంగి, "పశువుల సంతలో కొమ్ములకి రంగేస్తారు, మనకి కాగితం. అంతే తేడా," అన్నాడు.

ఇప్సితా డాక్టరమ్మ ఈ కేసులన్నిటికీ పెద్ద. చదువు పూర్తవటానికి ఇంకో ఆరు నెలలుంది ఆ పిల్లకు. రాత్రి నిద్ర ఉన్నట్టు లేదు, జడ సగం ఊడిపోయింది. చేతిలో కాగితాల అట్ట పట్టుకుని ఒక్కో చెవి కేసు దగ్గరా ఆగి, చూపించాల్సిన చెవి వెనక ఊదా మందుతో చుక్క పెడుతోంది. రెండో చెవిలో దూది కుక్కుతోంది. అది అక్కడి పద్ధతి. ఒక్కో కేసు దగ్గర డాక్టరుకు రెండు నిమిషాలే. అవతలి చెవి చూస్తూ టైము పాడు చేసుకోకూడదని అది మూసేస్తారు.

"అమ్మా," అంది సుకాంతి, ఎడమ చెవికి చెయ్యి అడ్డం పెట్టి. "ఈ చెవి చూడమ్మా ఒక్కసారి. నొప్పి. నీళ్ళు కారుతున్నాయి, వాసనొస్తోంది."

"అయ్యో మావుసీ, ఇవాళా?" ఆ పిల్ల ఆగింది. ఆగిందన్న మాట అబద్ధం కాదు. చూపు కూడా ఎడమ వైపు వాలింది. అంతలో వరండా చివర నుంచి, "ఇప్సితా! కేసులు రెడీయా? భోజనాల లెక్క తప్పింది, ఇది కూడా తప్పుతుందా?" అని హోతా సార్ గొంతు వినిపించింది. ఆ పిల్ల భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి. "మావుసీ, జవాబుల కాగితం అచ్చయిపోయింది. మూడో నంబరు కుడి చెవి, ఎండు రంధ్రం. సార్ సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడు ఎడమ చెవిలో ఇంకోటుందంటే అందరి మార్కులూ తారుమారవుతాయి. సోమవారం నేనే చూస్తాను. ఒట్టు. మొదటి చీటీ నీదే."

చెబుతూనే దూది చుట్టి ఎడమ చెవిలో పెట్టింది. తల వంచి చూసి పెట్టలేదు, అలవాటు చేతితో పెట్టింది. లోకం బావిలోకి దిగిపోయినట్టయింది సుకాంతికి.

గంట కొట్టారు. డాక్టర్లు వరసగా వచ్చారు. మెడలో కార్డులు, భుజాన కొత్త సంచులు. ఒకడు కూచుంటాడు, ఆమె గడ్డం పట్టుకుని మొహం ఎడమకు తిప్పుతాడు, కుడి చెవి పైకి లాగి గొట్టం పెడతాడు, దీపం సరిచేసుకుంటాడు, ఊఁ అంటాడు, రాసుకుంటాడు. గంట. ఇంకొకడు. ఆమె మొహం మళ్ళీ ఎడమకు. తిప్పినప్పుడల్లా వరండా మొత్తం గిర్రున తిరిగి, ఆలస్యంగా వచ్చి తన చోట తను కూచుంటోంది. "బాబూ, ఈ పక్కది..." అని ఒకాయనతో అంది. ఆయన నవ్వుతూ వేలు పెదవి మీద పెట్టాడు. కేసు చెప్పకూడదు, తను కనిపెట్టాలి, అదీ ఆయన నిజాయితీ. ఇంకో ఆడ డాక్టరు, "మావుసీ, చెప్పెయ్యకు, నాకు తెలుసులే," అని దూదిలోంచి కూడా వినపడేంత గట్టిగా చెప్పి, బుగ్గ గిల్లి పోయింది. పిల్లల్ని గట్టెక్కించిన మావుసీగా తన పేరు ఎంత దూరం పోయిందో సుకాంతికి అప్పుడే అర్థమయింది. నోరు తెరిస్తే జవాబు చెబుతోందనుకుంటున్నారు.

మధ్యాహ్నానికి నూట ఇరవై మందో నూట ముప్పై మందో అయ్యారు. కుడి చెవి డొప్ప లాగిలాగి కందిపోయింది.

అప్పుడొచ్చాడు దోలామణి పాణిగ్రాహి. సోన్‌పూర్‌లో చిన్న క్లినిక్కు. చెవి డాక్టరు కాదు, జ్వరాలూ దగ్గులూ పురుళ్ళూ అన్నీ చూసే మామూలు డాక్టరు. వయసు అరవై దాటింది. గంటలు పూర్తి చేసుకోవటానికి వచ్చిన మనిషి. ఎదురుగా కూచుంటూ "అబ్బా" అని మోకాలు పట్టుకున్నాడు. కుడి చెవిలో గొట్టం పెట్టి చూశాడు, కాగితం మీద రాసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఒకటే అయింది. లేవబోయి ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఎండు చెవికి ఈ వాసనేంటి?"

సుకాంతికి మాట వినపడలేదు గాని ఆయన ముక్కు కదలటం చూసింది. గబుక్కున ఎడమ చెవిలో దూది తనే లాగి ఆయన అరచేతిలో పెట్టింది. దూది కొస పచ్చగా, నల్లగా తడిసి ఉంది. ఆయన దాన్ని ముక్కు దాకా కూడా తీసుకెళ్ళలేదు.

"ఎన్నాళ్ళయింది తల్లీ?"

"రెణ్ణెల్లు బాబూ. తల తిరుగుతోంది. పని చేతకావటం లేదు."

ఆయన ఆమె మొహం ఇటు తిప్పి ఎడమ చెవి చూశాడు. చాలాసేపు చూశాడు. గొట్టం తీసి, బొటనవేలితో చెవి ముందరి బుడిపెను మెల్లగా లోపలికి నొక్కాడు. సుకాంతి కళ్ళు ఒక పక్కకు ఈడ్చుకుపోయాయి. స్టూలు మీంచి జారిపోతున్నట్టయి, ఆయన చొక్కా చెయ్యి రెండు గుప్పెళ్ళతో పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు. "పోయింది, పోయింది, ఇంక నొక్కను," అన్నాడు, పాలు తాగే పిల్లకు చెప్పినట్టు.

గంట కొట్టారు. వెనక నిలబడ్డ కుర్ర డాక్టరు, "మాస్టారూ, పెళ్ళిచూపులా? పిల్ల నచ్చితే చెప్పి కదలండి," అన్నాడు. వరసలో నవ్వులు లేచాయి. పాణిగ్రాహి అప్పటిదాకా రాసింది కొట్టేశాడు. కాగితం ఆమె మోకాలికి ఆనించి, పెద్ద అక్షరాలతో ఏదో రాసి రెండుసార్లు కింద గీత గీశాడు. లేచి ఇప్సితా కోసం చూశాడు. ఆ పిల్ల గంట దగ్గర లేదు, భోజనాల దగ్గరికి పరిగెత్తింది. మళ్ళీ గంట కొట్టారు. నాలుగో స్టూలు దగ్గర ఆయన కోసం చెవిటి ముసలాయన ఎదురుచూస్తున్నాడు.

మూడు గంటలకు హాల్లో జవాబులు చెప్పే సభ. కేసుల్ని కూడా లోపలికి తీసుకొచ్చి వేదిక పక్కన బెంచీ మీద కూచోబెట్టారు, చివర్లో తువ్వాళ్ళు పంచుతారని. చల్లగా ఉంది. తెర మీద సుకాంతి కుడి చెవి లోపలి బొమ్మ గుమ్మమంత వేశారు. తన చెవిని అంత పెద్దగా చూడటం ఆమెకు ఎప్పుడూ సిగ్గే.

హోతా సార్ మైకు పట్టుకున్నాడు. బాగా చెబుతాడు, నవ్విస్తాడు, ఆయన పాఠమంటే బయటి ఊళ్ళ నుంచి కూడా వస్తారు. "మూడో కేసు అందరికీ వచ్చింది. రాకపోతే రిజిస్టరు కాదు, లైసెన్సే లాక్కోవాలి. ఒక్క పెద్దమనిషి తప్ప," అని ఒక కాగితం పైకెత్తాడు. "ఈయన కుడి చెవి రాసి కొట్టేశారు. ఎడమ చెవిలో ఎముక తినే ప్రమాదకరమైన జబ్బట, లోపలి చెవి దాకా పాకిందట, ఈ రోజే ఆపరేషన్ చేయాలట. చుక్క పెట్టాం, దూది పెట్టాం, ఇక బోర్డు ఒక్కటే పెట్టలేదు."

హాలు గొల్లుమంది. నడిమి వరసలో పాణిగ్రాహి లేచి నిలబడ్డాడు. "సార్, ఆ దూది మీరు ఒక్కసారి..."

"కూచోండి డాక్టరు గారూ. పేషెంటునే అడుగుదాం. మన మావుసీ పదకొండేళ్ళ సీనియరు, మీ కంటే నా కంటే ఆవిడకే బాగా తెలుసు," అని మైకు తీసుకొచ్చి సుకాంతి నోటి ముందు పెట్టాడు. వంగి, ఆమె ఎడమ చెవి దగ్గర గట్టిగా అడిగాడు. మంచిగానే అడిగాడు. "చెప్పు మావుసీ. నీ జబ్బు చెవి ఏది?"

రెండొందల మొహాలు తన వైపు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరే చూసిన డాక్టర్లు, అందరూ ఒక్కసారే. ఇదే, ఇందుకే కదా వచ్చింది. వేదిక మెట్ల దగ్గర ఇప్సితా నిలబడి ఉంది. అట్టను గుండెకు అదుముకుని. ఆ పిల్ల ఏమీ సైగ చేయలేదు. చేసి ఉంటే బాగుండేదేమో. కళ్ళల్లో నీళ్ళు మాత్రం నిలిచి ఉన్నాయి. పరీక్ష నాడు పిల్లలందరి కళ్ళల్లోనూ అవే ఉంటాయి.

"కుడిది బాబూ," అంది సుకాంతి. "నడిమధ్య రంధ్రం. ఎండు చెవి."

చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా వేశారు ఎవరో. హోతా సార్ ఆమె భుజం తట్టి, "మా దగ్గర పని చెయ్యాల్సిన మనిషివి," అని, పాణిగ్రాహి వైపు చెయ్యి చాచి, "ఎడమది కూడా సోమవారం చూద్దాం లెండి, మీ తృప్తి కోసం," అన్నాడు. నాలుగో కేసు తెర మీదికొచ్చింది. పాణిగ్రాహి ఇంకా నిలబడే ఉన్నాడు. వెనకవాళ్ళు తెర కనిపించటం లేదని చొక్కా లాగితే కూచున్నాడు.

టీ వేళకు ఆయన ఆమెను వెతుక్కుంటూ కుళాయిల దగ్గరికి వచ్చాడు. ఆమె కొత్త తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూచుని ఉంది.

"ఎందుకలా చెప్పావమ్మా? నేను తప్పయితే పోనీ. నీ చెవి తల్లీ అది."

సుకాంతి ఒళ్ళోని తువ్వాలు మడత సరిచేసుకుంది. "అడిగితే నోటికి అదే వచ్చింది బాబూ," అంది. "పదకొండేళ్ళుగా ఎవరడిగినా అదే చెప్పాను. ఇంకోటి రాలేదు."

ఆయన సంచిలోంచి సదస్సు వాళ్ళిచ్చిన అట్ట పుస్తకం తీసి ఒక చీటీ రాశాడు. దగ్గరుండి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు చీటీ చదివి, మర్యాదగానే ఫోన్ చేశాడు. చెవి విభాగంలో డ్యూటీ డాక్టరు సదస్సులో ఉన్నాడు. ఆయన పైవాడూ సదస్సులోనే. ఆ పైన హోతా సార్. ఫోన్ అవతల ఎవరో అడిగారు, "ఎవరు రాశారు చీటీ?" కుర్రాడు పేరు చదివాడు. అవతల నుంచి నవ్వు ఈవలికి కూడా వినిపించింది. "మాత్రలివ్వమంటున్నారు సార్. సోమవారం తప్పకుండా చూస్తారట," అన్నాడు కుర్రాడు, పాణిగ్రాహి మొహంలోకి చూడకుండా. ఆయన, వేరే ఊరికి తీసుకెళ్దామా అని అడిగాడు. ఎవరి దగ్గరికి? దగ్గరి ఊళ్ళ డాక్టర్లంతా పక్క హాల్లోనే టీ తాగుతున్నారు. సాయంత్రం హాజరు సంతకానికి పిలుపు వచ్చింది. సంతకం లేకపోతే రోజంతా వృథా. "వెళ్ళండి బాబూ," అని ఆమే పంపించింది.

శనివారం సుకాంతి కళ్ళు తెరిచేసరికి బాగా తెల్లారిపోయింది. కప్పు దూలాలు ఒక దిక్కుకు పరుగెత్తుతున్నాయి. కళ్ళు మూసినా పరుగే. అందులో ఎడమ కన్ను మూతపడలేదు. చెయ్యి పెట్టి రెప్పను కిందికి దించుకుంది. వదిలితే మళ్ళీ పైకే పోయింది.

పక్కనే మగ్గం. ధ్రువ కూచుని నేస్తున్నాడు. కాళ్ళు తొక్కుతున్నాయి, చెయ్యి లాగుతోంది, నాడె ఇటు నుంచి అటు పోతోంది, అటు నుంచి ఇటు వస్తోంది, పలక వచ్చి వేసిన పోగును కొడుతోంది. చప్పుడు లేదు. పెళ్ళయి ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆ చప్పుడు లేకుండా మగ్గం ఆడటం ఆమె ఎరగదు. అతను తనను ఆట పట్టిస్తున్నాడనుకుంది ఒక్క క్షణం. "ఏమయ్యా!" అని పిలిచింది. తన పిలుపు తనకే వినపడలేదు. అతను ఉలిక్కిపడి నాడె జారవిడిచాడు. ఆమె మొహం చూసి గుంటలోంచి ఎక్కి వచ్చాడు. మూతి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది.

ఊళ్ళోవాళ్ళ ఆటోలో పడుకోబెట్టి తెచ్చేసరికి మధ్యాహ్నమయింది. ఓపీకి తాళం ఉంది. హాల్లో వీడ్కోలు సభ నడుస్తోంది. ఝిలి చూసింది, చేతిలో పళ్ళెం అక్కడే కింద పెట్టేసింది. "అక్కా, అక్కా, ఇటు చూడక్కా," అంటూ బుగ్గలు తట్టింది, ఆ వెంటనే ధ్రువ వైపు తిరిగి, "నిలబడి చూస్తావేం, స్ట్రెచరు లాక్కురా!" అని కసిరింది. తరవాత చీర పైకి దోపుకుని, చెప్పుల్లేని కాళ్ళతో వేదిక వెనక తలుపులోంచి లోపలికి పోయింది. అలా పోవటం ఆయాలకు ఉద్యోగం పోయే పని.

ఇప్సితా వచ్చింది. కొత్త పట్టుచీర కట్టుకుని ఉంది. వరండాలోనే, వచ్చీపోయేవాళ్ళ మధ్య, స్ట్రెచరు పక్కన మోకాళ్ళ మీద కూలబడి, పర్సులోంచి తన సొంత గొట్టం తీసి ఎడమ చెవిలో పెట్టింది. చూసింది, తీసింది, మళ్ళీ చూసింది. లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

హోతా సార్ భుజాన శాలువాతోనే వచ్చాడు. మెడలో దండ అడ్డం పడుతుంటే తీసి ఝిలి చేతికిచ్చాడు. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆయన తొందరపడలేదు. చెవి చూశాడు, కన్ను మూయించి చూశాడు, వినికిడి పరీక్షించే శ్రుతి కమ్మీ తట్టి నుదుటి మీద పెట్టి, ఆమె మొహంలో దేనికోసమో వెతికాడు. నిటారుగా నిలబడ్డాక ఆయన గొంతు చాలా చిన్నదయింది. "ఆపరేషన్ గది సిద్ధం చెయ్యండి. నేనే చేస్తాను." తరవాత ఇప్సితాతో, "నిన్నటి జవాబుల కట్ట తీసుకురా," అన్నాడు.

తెచ్చింది. ఆయన ఒక్కో కాగితం తిప్పి, కావలసింది దొరికాక ఆగాడు. రెండుసార్లు గీత గీసిన అక్షరాల పక్కన ఆయన సొంత ఎర్ర కలంతో సున్నా పెద్దగా చుట్టి ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

అవతల బల్ల దగ్గర వరసలో నిలబడి సర్టిఫికెట్లు తీసుకుంటున్నారు. పాణిగ్రాహి తనది తీసుకుని ఇటు తిరిగి, స్ట్రెచరు చూశాడు. దగ్గరికొచ్చి ఆమె పాదాల దగ్గర నిలబడ్డాడు. ధ్రువ ఆయన్ని పట్టుకుని, "బాబూ, పెద్దమనిషిలా ఉన్నారు, మీరు చెప్పండి, మా ఆడదానికి వినబడుతుందా మళ్ళీ?" అని అడిగాడు. ఆయన చేతిలో సర్టిఫికెట్టు చుట్టచుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు. "ప్రాణానికి ఇంక భయం లేదులే," అన్నాడు. అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

సుకాంతి పడుకుని అందరి నోళ్ళూ చూస్తోంది. నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఏం చెబుతున్నారో, ఎవరిని తిడుతున్నారో తెలియదు. తనకేదో పెద్దదే జరిగిందని మాత్రం ధ్రువ గడ్డం అదరటం చూసి తెలిసింది. ఇప్సితా ఆమె మొహం మీదికి వంగి ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. పెదవులు పెద్దగా కదిపి మూడోసారి అడిగింది. సుకాంతి తల అడ్డంగా ఊపింది.

ఆ పిల్ల చుట్టూ చూసి, ఎవరి సంచిలోంచో అట్ట పుస్తకం లాక్కుని, స్ట్రెచరు అంచున పెట్టి రాయసాగింది. ఏడుస్తూనే రాస్తోంది. ఒక పేజీ నిండింది, తిప్పి వెనక కూడా రాసింది. చెవికి ఏమయిందో, ఏం చేస్తారో, ఏది తిరిగొస్తుందో ఏది రాదో, నిన్న దూది పెట్టేటప్పుడు తను ఒక్కసారి తల వంచి చూసి ఉంటే ఏమయ్యేదో, అన్నీ ఉన్నాయి అందులో. చివర తన పేరు కూడా రాసింది. చింపి సుకాంతి చేతిలో పెట్టింది.

సుకాంతికి అక్షరం రాదు. ధ్రువకీ రాదు. ఆ సంగతి ఈ పదకొండేళ్ళలో అక్కడెవరూ అడగలేదు.

రెండు చేతులా పట్టుకుని కాగితం మొహం ముందుకు తెచ్చుకుంది. మూతపడని కంటితో పై వరస నుంచి కింది వరస దాకా మెల్లగా చూసింది. తిప్పి వెనక వైపు కూడా అలాగే చూసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్కటి కూడా గీత దాటలేదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోకుండా తన మొహం వైపే చూస్తోంది, ఏదో ఒకటి అంటుందని. అనకపోతే ఎలా?

"బాగుందమ్మా," అంది సుకాంతి.

మెల్లగానే అన్నాననుకుంది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా మాటలాపి ఆమె వైపు తిరిగారు.